రక్తంలో మందు ఎంత? అంకె వెనుక ఉన్న పద్ధతులపై ఒక పరిశీలన

డిగాక్సిన్ వాడుతున్న ఒక హృద్రోగి రక్తాన్ని ఒకేసారి తీసి, రెండు గొట్టాల్లో పోసి, రెండు ప్రయోగశాలలకు పంపారనుకుందాం. రెండు చోట్లా జాగ్రత్తగానే పనిచేశారు, యంత్రాలూ సక్రమంగానే ఉన్నాయి. అయినా రెండు రిపోర్టుల్లో అంకెలు కలవకపోవచ్చు. ఒకదాన్ని నమ్మితే డాక్టరు మోతాదు తగ్గించాలి, రెండోదాన్ని నమ్మితే ఉన్నదే కొనసాగించాలి. ఇలాంటప్పుడు ఏ ల్యాబ్ తప్పు చేసిందన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. లభిస్తున్న ఆధారాలను వరుసగా పేర్చి చూస్తే, చాలా సందర్భాల్లో అడగవలసిన ప్రశ్న అది కాదనిపిస్తుంది. మందు ఎంత ఉందో చెప్పే అంకె రక్తం ఒక్కదానికే చెందదు. రక్తం పట్టిన గొట్టం, తీసిన వేళ, కొలిచిన పద్ధతి కూడా ఆ అంకెలో కలిసి ఉంటాయి.

ఈ వ్యాసం పరిశీలించే ప్రతిపాదన ఇది: నేడు ల్యాబ్‌లలో యాంత్రికంగా పాటిస్తున్నట్టు కనిపించే నియమాల్లో చాలావాటికి వెనుక, ఎక్కడో ఒకచోట ఎవరినో తప్పుదోవ పట్టించిన ఒక అంకె ఉంది. దీన్ని చెప్పేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. పొరపాటు ముందు జరిగిందని, నియమం తర్వాత వచ్చిందని చూపడం సులువే గానీ, ఆ పొరపాటే ఆ నియమానికి కారణమని ప్రతి సందర్భంలోనూ రుజువు చేయలేం. ఇక ‘మొట్టమొదట’ అన్న మాటను చరిత్ర రచనలు ఉదారంగా వాడతాయి. దాన్ని ఎక్కడికక్కడ తూచి తీసుకోవాలి.

1. మొదలు ఎక్కడ?

ఔషధశాస్త్ర చరిత్రలు రాసేవారు ఈ విద్య పుట్టుకకు వేర్వేరు తేదీలు ఇస్తారు. కొలవడం అంటే ఏమిటన్న నిర్వచనంలో ఉన్న తేడాయే ఇందుకు ముఖ్య కారణంగా కనిపిస్తుంది.

(అ) శరీరంలో ఒక రసాయనం ఉందో లేదో తేల్చడమే కొలతగా భావిస్తే, ఇంగ్లండులోని వూలిచ్ ఆయుధశాలలో పనిచేసిన రసాయనవేత్త జేమ్స్ మార్ష్ నుంచి మొదలుపెట్టాలి. జాన్ బోడిల్ అనే యువకుడు తాతకు ఆర్సెనిక్ పెట్టి చంపాడన్న కేసులో మార్ష్ సాక్ష్యం ఇచ్చాడు. పరీక్షలో వచ్చిన పసుపు అవక్షేపం కోర్టుకు చేరేసరికి చెడిపోయిందని, జ్యూరీ నమ్మలేదని, నిందితుడు విడుదలయ్యాడని కథనం. ఈ విచారణ సంవత్సరాన్ని కొన్ని రచనలు 1832 అని, మరికొన్ని 1833 అని చెబుతాయి. ఏదైనా, ఆర్సెనిక్‌ను వాయువుగా మార్చి, వేడిచేసిన గాజు గొట్టంలో నల్లని అద్దంలా పేరుకునేలా చేసే పద్ధతిని మార్ష్ ప్రచురించింది 1836లో. ఈ తేదీపై వివాదం కనిపించదు.

(ఆ) మొక్కల నుంచి వచ్చే ఆల్కలాయిడ్‌ను శరీర కణజాలం నుంచి వేరుచేయడమే మొదలు అనుకుంటే, 1850లో బెల్జియంలో గుస్తావ్ ఫూన్యీ మరణించిన కేసు ముందుకు వస్తుంది. రసాయనవేత్త జాఁ సెర్వే స్టాస్ మృతుడి అవయవాలను ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో నానబెట్టి, తర్వాత క్షారం కలిపి ఈథర్‌లోకి లాగి, నికోటిన్‌ను బయటపెట్టాడు. నిందితుడైన కౌంట్ బొకార్మేకు 1851లో మరణశిక్ష అమలైంది. క్షారంలో ద్రావణిలోకి, ఆమ్లంలో మళ్లీ నీటిలోకి లాగే ఈ ఎత్తుగడ నేటికీ ల్యాబ్‌లలో సజీవంగా ఉంది. 

(ఇ) బతికున్న మనిషి రక్తంలో ఎంత ఉందో లెక్కకట్టడమే కొలత అంటే, స్వీడన్‌కు చెందిన ఎరిక్ విడ్‌మార్క్ 1922లో వేలికొసన తీసిన కొద్ది చుక్కల రక్తంలో ఆల్కహాల్‌ను కొలిచిన పద్ధతి గట్టి అభ్యర్థి. ఆ అంకెను చూసి చికిత్స నడపడం కూడా జరగాలంటే, 1927లో బ్రోమైడ్ వాడే రోగుల సీరంలో దాన్ని రంగు ద్వారా అంచనా వేసిన ఒట్టో వూత్‌ను చెప్పుకోవాలి. బ్రోమైడ్ శరీరంలో పేరుకుపోయి మతి చెడగొడుతుంది కనుక ఆ కొలతకు వైద్యపరమైన అవసరం వెంటనే ఉంది.

(ఈ) మందు మోతాదును శాస్త్రీయంగా నిర్ణయించడానికి రక్తపు అంకెలను వరుసగా వాడినవారెవరంటే, ఎక్కువమంది జాన్స్ హాప్‌కిన్స్‌లోని ఇ. కె. మార్షల్ పేరు చెబుతారు. సల్ఫనిలమైడ్ మందుకు 1937లో ఆయన ఒక పద్ధతి ఇచ్చాడు. 1939లో బ్రాటన్‌తో కలిసి దాన్ని మెరుగుపరిచాడు. రక్తంలోని ప్రోటీన్లను ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో విరగ్గొట్టి, వడకట్టిన తేటకు నైట్రైట్ చేర్చి, చివర ఒక ప్రత్యేక కారకం కలిపితే ఊదా రంగు చాయ గల ఎరుపు వస్తుంది. రంగు ముదిరేకొద్దీ మందు ఎక్కువని అర్థం.

ఈ వరుసలో తెలుగు పాఠకుడికి తెలిసిన ఒక పేరును సరైన చోట ఉంచాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం కొలత మందును కొలిచేది కాదు. శరీరంలో సహజంగా ఉండే పదార్థాన్ని కొలిచేది. అందులోనూ మొదటి మెట్టు ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో ప్రోటీన్‌ను తీసేయడమే, చివరి మెట్టు రంగు లోతును చదవడమే (అక్కడ రంగు నీలం). ఇంత పోలిక ఉన్నంత మాత్రాన మార్షల్ పద్ధతి సుబ్బారావు పద్ధతి నుంచి పుట్టిందనడానికి వీల్లేదు. ఆనాటి రక్త రసాయనశాస్త్రమంతా ఇదే చట్రంలో నడిచింది. ఇద్దరూ ఒకే చట్రంలో పనిచేశారన్నంత వరకే ఆధారం నిలుస్తుంది.

మార్షల్ పనిలో ఒక చిన్న వివరం మన ప్రతిపాదనకు మొదటి సాక్ష్యం. శరీరం సల్ఫనిలమైడ్‌లో కొంత భాగానికి ఎసిటైల్ ముక్క తగిలించి, సూక్ష్మజీవులపై పనిచేయని రూపంగా మారుస్తుంది. ఆ రూపం రంగు పరీక్షలో నేరుగా పట్టుబడదు. ఆమ్లంలో మరిగిస్తే విడిపోయి పట్టుబడుతుంది. కనుక ఒకే రక్తానికి రెండు అంకెలు వస్తాయి, మరిగించకముందు ఒకటి, మరిగించాక ఇంకొకటి. రెండూ నిజమే. మొదటిది పనిచేసే మందును, రెండోది మొత్తం మందును చెబుతుంది. రిపోర్టులో ఏది రాశారో చెప్పకపోతే చదివేవారికి దారి దొరకదు.

2. పరీక్షలోనే దాగిన విషం

ఖాళీ నమూనా, అంటే మందు లేదని ముందే తెలిసిన నమూనా, ప్రతి బ్యాచ్‌లోనూ నడపాలన్నది నేడు ఎవరూ ప్రశ్నించని నియమం. దీనికి అతి స్పష్టమైన పూర్వకథ 1859 నాటి స్మెథర్స్ట్ కేసు. డాక్టర్ థామస్ స్మెథర్స్ట్ ఒక మహిళకు విషం పెట్టాడన్న ఆరోపణపై, ఆ కాలంలో ఇంగ్లండులో విషశాస్త్రానికి పెద్ద దిక్కైన ఆల్‌ఫ్రెడ్ స్వైన్ టేలర్ ఒక సీసాలోని ద్రవాన్ని పరీక్షించి ఆర్సెనిక్ ఉందన్నాడు. పరీక్ష పేరు రైన్ష్ పరీక్ష. నమూనాకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేర్చి రాగి జాలి ముంచితే, ఆర్సెనిక్ ఉన్నప్పుడు జాలిపై నల్లగా పేరుకుంటుంది.

ఆ సీసాలో పొటాషియం క్లోరేట్ ఉంది. ఆమ్లంతో కలిసినప్పుడు అది రాగినే కరిగించింది. ఆ రాగిలో మలినంగా ఉన్న ఆర్సెనిక్ కాస్తా నమూనాలోకి చేరింది. అంటే పరీక్షకుడు వెతుకుతున్న విషాన్ని అతని సొంత జాలే సీసాలో పోసింది. కోర్టులో టేలర్ ఈ సంగతి ఒప్పుకోక తప్పలేదు. జ్యూరీ స్మెథర్స్ట్‌ను దోషిగానే తేల్చినా, తర్వాత హత్యానేరం నుంచి క్షమాభిక్ష లభించింది. అతను నిజంగా నిర్దోషా కాదా అన్నది ఈ వ్యాస పరిధికి బయటిది. ఇక్కడ ముఖ్యమైనది, ఎంతో అనుభవం ఉన్న చేతుల్లోనే, మామూలుగా నమ్మకంగా పనిచేసే పరీక్షే, నమూనాలోని మరొక పదార్థం వల్ల దారి తప్పిందన్న విషయం. రాగి జాలిని, ఆమ్లాన్ని మాత్రమే కలిపి ఖాళీ పరీక్ష చేసినా ఇది బయటపడి ఉండేది కాదు. క్లోరేట్ కూడా కలిస్తేనే రాగి కరుగుతుంది. కనుక ఈ కేసు ఖాళీ నమూనా కావాలని చెప్పి అక్కడితో ఆగదు. ఆ ఖాళీ నమూనా అసలు నమూనా లాంటిదే అయి ఉండాలని కూడా చెబుతుంది. మనిషి ప్లాస్మాలో మందును కొలవాలంటే, కొలమానాన్ని నీటిలో కాకుండా మనిషి ప్లాస్మాలోనే తయారుచేయాలన్న నేటి నియమానికి తర్కం ఇదే.

3. అటబ్రిన్

1942లో జావా దీవి జపాన్ చేతికి చిక్కాక మిత్రరాజ్యాలకు క్వినైన్ సరఫరా దాదాపు ఆగిపోయింది. మలేరియాకు మిగిలిన ముఖ్యమైన మందు అటబ్రిన్. సైనికులకు అది నచ్చలేదు. వాంతులు, పచ్చబడే చర్మం ఒకవైపు. మోతాదు తగ్గిస్తే జ్వరం తగ్గకపోవడం మరొకవైపు. న్యూయార్క్‌లోని గోల్డ్‌వాటర్ మెమోరియల్ ఆసుపత్రిలో జేమ్స్ షానన్ బృందం ఈ చిక్కును రక్తపు అంకెల ద్వారా విప్పడానికి పూనుకుంది. ఆ అంకెలను అందించింది బెర్నార్డ్ బ్రోడీ, సిడ్నీ యూడెన్‌ఫ్రెండ్. వారి అటబ్రిన్ కొలత 1943లో అచ్చయింది.

అటబ్రిన్ తనపై కాంతి పడితే వెలుగును వెదజల్లే పదార్థం కనుక కొలవడం తేలికే అనిపించవచ్చు. చిక్కులు రెండు. మొదటిది, శరీరం దాన్ని మార్చి తయారుచేసే మెటబొలైట్లు కూడా వెలుగునిస్తాయి. వాటిని వదిలించుకోవడానికి, మందును ద్రావణిలోకి లాగాక క్షారంతో కడగవలసి వచ్చింది. రెండోది మరింత సూక్ష్మమైనది. ఈ మందు తెల్ల రక్తకణాల్లో ప్లాస్మాలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చేరుతుంది. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినప్పుడు ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి, వాటిపై పలచని తెల్లని పొర నిలుస్తుంది, ఆ పైన ప్లాస్మా తేరుకుంటుంది. పిపెట్ మొన ఆ తెల్ల పొరకు కొంచెం తగిలినా, తిప్పడం సరిపోక కొన్ని కణాలు పైనే తేలుతున్నా, ప్లాస్మా అంకె పెరిగిపోతుంది. తర్వాతి దశాబ్దాల్లో క్లోరోక్విన్ విషయంలోనూ ఇదే ఇబ్బంది నమోదైంది. రక్తాన్ని ఎంత వేగంతో, ఎంతసేపు తిప్పాలో నిమిషాలతో సహా రాసిపెట్టే అలవాటు అటబ్రిన్‌తోనే మొదలైందని చెప్పడం అతిశయోక్తి కావచ్చు. ఆ అలవాటు ఎందుకు అవసరమో ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ మాత్రం దొరకడం కష్టం.

షానన్ బృందం 1944లో ప్రకటించిన ఫలితం ఆచరణలో చాలా విలువైనది. మందు కణజాలంలోకి వెళ్లి దాక్కుంటుంది కాబట్టి ప్లాస్మా స్థాయి నెమ్మదిగా పెరుగుతుంది. కనుక మొదట పెద్ద మోతాదు, తర్వాత చిన్న మోతాదు ఇవ్వాలి. మందు అదే, మనుషులూ వాళ్లే. మారింది లెక్క ఒక్కటే.

బ్రోడీ, యూడెన్‌ఫ్రెండ్ 1945లో రాసిన మరో పరిశోధన పత్రం అంతగా ప్రచారం పొందలేదు గానీ, మన ప్రతిపాదనకు అదే ఎక్కువ ముఖ్యం. మిథైల్ ఆరెంజ్ రంగుతో అనేక క్షార స్వభావపు మందులను కొలిచే పద్ధతి అందులో ఉంది. దానితో పాటు, కొలుస్తున్నది నిజంగా ఆ మందేనా అని తేల్చుకునే ఉపాయమూ ఉంది. రక్తం నుంచి తీసిన పదార్థం, సీసాలోని శుద్ధమైన మందు, రెండూ నీటికీ ద్రావణికీ మధ్య వేర్వేరు ఆమ్లత్వాల వద్ద ఒకే నిష్పత్తిలో పంచుకుంటున్నాయా అని పోల్చి చూడడమే ఆ ఉపాయం. నిష్పత్తులు కలవకపోతే, కొలుస్తున్నదానిలో వేరేది కలిసిందన్నమాట. తన అంకెను తానే అనుమానించే ఏర్పాటును పద్ధతి లోపలే పెట్టడం ఇంతకు ముందు ఉన్నా, ఇంత క్రమంగా ఉన్నట్టు కనిపించదు.

ఆ జాగ్రత్త ఫలితం కొద్ది కాలానికే తెలిసింది. బ్రోడీ, జూలియస్ ఆక్సెల్‌రాడ్ 1948లో ఎసిటనిలైడ్ అనే నొప్పి మందు శరీరంలో ఏమవుతుందో విడివిడిగా కొలిచారు. రక్తంలో ఎక్కువగా కనిపించింది మూల మందు కాదు, దాని మెటబొలైట్. నొప్పి తగ్గించే పని ప్రధానంగా దానిదేనని, రక్తపు హిమోగ్లోబిన్‌ను చెడగొట్టే పని మరో మార్గంలో పుట్టే అనిలిన్‌దని వారి ఫలితాలు సూచించాయి. ఆ మెటబొలైట్ పేరు నేడు ప్రతి ఇంటి మందుల డబ్బాలోనూ ఉంది: పారాసిటమాల్. ఈ పదార్థాన్ని 19వ శతాబ్దంలోనే తయారుచేశారు, మందుగానూ పరీక్షించారు కనుక వీరిద్దరూ కనిపెట్టారనడం సరికాదు. మూల మందునూ మెటబొలైట్‌నూ కలిపి ఒకే అంకెగా చెప్పే పద్ధతి వాడి ఉంటే మాత్రం ఈ సంగతి తేలేది కాదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

4. గొట్టం మూత

ఇంతవరకు చెప్పినవన్నీ ల్యాబ్ లోపలి పొరపాట్లు. ల్యాబ్ తలుపు దాటకముందే అంకె చెడిపోవడానికి చక్కటి ఉదాహరణ 1970లలో బయటపడింది.

ప్రొప్రనొలాల్ అనే రక్తపోటు మందును కొలిచే పరిశోధకులకు ఒక వింత ఎదురైంది. ఒకే మనిషి నుంచి ఒకేసారి తీసిన రక్తం, గాజు సిరంజిలో పట్టినదానిలో ఒక స్థాయి, రబ్బరు మూత ఉన్న వాక్యూమ్ గొట్టంలో పట్టినదానిలో అంతకంటే తక్కువ స్థాయి చూపింది. 1975లో దీనిపై వచ్చిన నివేదిక తర్వాత క్వినిడిన్, లిడోకెయిన్, కొన్ని డిప్రెషన్ మందుల విషయంలోనూ ఇదే కనిపించింది. దీనికి తేలిన వివరణను మెట్లుగా చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

(1) ఈ మందులన్నీ క్షార స్వభావం ఉన్నవి. రక్తంలో ఇవి ఆల్ఫా-1 యాసిడ్ గ్లైకోప్రోటీన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటాయి.
(2) రబ్బరు మెత్తగా ఉండడానికి కలిపిన ఒక రసాయనం, రక్తం మూతకు తగిలినప్పుడు రక్తంలోకి దిగుతుంది.
(3) ఆ రసాయనం ప్రోటీన్‌పై మందు కూర్చునే చోటును ఆక్రమిస్తుంది. చోటు కోల్పోయిన మందు స్వేచ్ఛగా మారి ఎర్రకణాల్లోకి పోతుంది.
(4) కణాలను వేరుచేసి ప్లాస్మాను మాత్రమే కొలుస్తారు కాబట్టి అంకె తగ్గుతుంది.

ఇందులో గమనించవలసిన విషయం, ల్యాబ్ ఎక్కడా అబద్ధం చెప్పకపోవడం. దానికి చేరిన ప్లాస్మాలో మందు నిజంగానే అంతే ఉంది. మందు మాయం కాలేదు, గది మారింది. గొట్టాన్ని నిలబెట్టి తెచ్చారా, పడుకోబెట్టి తెచ్చారా అన్న చిన్న తేడా కూడా అంకెను మార్చగలదు. పడుకోబెడితే రక్తం మూతకు తగులుతూ ఉంటుంది మరి. అప్పటికే ఆ గొట్టాలతో ప్రచురించిన ప్రొప్రనొలాల్ అంకెలను వెనక్కి తిరిగి సరిదిద్దడానికి మార్గం లేదు; ఎందుకంటే ఏ గొట్టం ఎంతసేపు ఎలా ఉందో పత్రాల్లో రాసే ఆచారం అప్పుడు లేదు. తర్వాత మూతల తయారీ మార్చారు. రక్తం పట్టే గొట్టం రకాన్ని, గడ్డకట్టకుండా చేర్చిన పదార్థాన్ని పద్ధతిలో భాగంగానే నమోదు చేయాలన్న నేటి పట్టుదలకు ఈ ఉదంతం బలమైన కారణాల్లో ఒకటై ఉండవచ్చు. సీరం వేరుచేసే జెల్ ఉన్న గొట్టాల్లో ఫెనిటాయిన్ లాంటి మందులను జెల్ కొంతమేర పీల్చుకోవడం కూడా ఈ కోవలోనిదే.

5. యాంటీబాడీ చూపు

డిగాక్సిన్ రక్తంలో మిల్లీలీటరుకు ఒకటి రెండు నానోగ్రాముల స్థాయిలోనే ఉంటుంది. రంగు పరీక్షలకు అది అందదు. బెర్సన్, యాలో 1950ల చివర ఇన్సులిన్ కోసం రూపొందించిన, యాంటీబాడీతో పట్టి కొలిచే రేడియో ఇమ్యునో పరీక్ష ఈ అడ్డుగోడను తీసేసింది. డిగాక్సిన్‌ను పట్టుకునే యాంటీబాడీలను బట్లర్, చెన్ 1967లో తయారుచేశారు. స్మిత్, బట్లర్, హేబర్ 1969లో రోగుల సీరం స్థాయిలను, విష లక్షణాలను పక్కపక్కన పెట్టి ప్రచురించారు. రెండేళ్లకే, 1971లో, లిండెన్‌బామ్ బృందం ఒకే మోతాదు రాసి ఉన్న వేర్వేరు డిగాక్సిన్ మాత్రలు రక్తంలో ఏడు రెట్ల వరకు తేడా చూపుతున్నాయని తెలిపింది. మాత్రపై ముద్రించిన మిల్లీగ్రాములు, రక్తానికి చేరిన మందు ఒకటి కావన్న గుర్తింపుకు ఇది మైలురాయి. రెండు మాత్రలు రక్తానికి ఒకే మేర మందు చేరుస్తాయా అని చూసే నేటి బయోఈక్వివలెన్స్ పరీక్షల వెనుక ఉన్న ఆందోళన ఇదే.

యాంటీబాడీ మాత్రం మందును గుర్తుపట్టదు. ఒక ఆకారాన్ని గుర్తుపడుతుంది. ఆ ఆకారం ఇంకెక్కడ కనిపించినా పట్టుకుంటుంది. దీనికి నమోదైన సాక్ష్యాలు పలువిధాలు. డిగాక్సిన్ ఎన్నడూ ఇవ్వని నవజాత శిశువుల్లో, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నవారిలో, గర్భిణుల్లో కొన్ని ఇమ్యునో పరీక్ష కిట్లు డిగాక్సిన్ ఉన్నట్టు చూపిన సందర్భాలు 1980ల నుంచి వరుసగా వచ్చాయి. దీనికి విరుద్ధ దిశలో, స్పైరనోలాక్టోన్ వాడేవారిలో దాని మెటబొలైట్ కారణంగా ఒక రకం కిట్ అసలు కంటే తక్కువ చూపింది. డాక్టరు ఆ తక్కువ అంకెను నమ్మి మోతాదు పెంచడం వల్ల విష లక్షణాలు వచ్చిన ఉదంతం 1999లో ప్రచురితమైంది. ఈ రెండు మందులను గుండె వైఫల్యంలో కలిపి రాయడం సాధారణం కనుక ఇది అరుదైన విచిత్రంగా కొట్టిపారేయదగినది కాదు.

మన ఊళ్లకు దగ్గరి సాక్ష్యం గన్నేరు. పచ్చగన్నేరు విషం దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఆసుపత్రులకు సుపరిచితం. దానిలోని పదార్థాలు డిగాక్సిన్‌కు చుట్టాలు, గుండెపై అలాగే పనిచేస్తాయి. అలాంటి రోగి సీరంలో డిగాక్సిన్ కిట్ ఏదో ఒక అంకె చూపుతుంది. ఆ అంకెను డిగాక్సిన్ పట్టికతో పోల్చి, విషం ఇంతే ఎక్కిందని తీర్మానించడం ప్రమాదకరం. ఏ గన్నేరు పదార్థాన్ని ఏ కిట్ ఎంత గుర్తుపడుతుందో కిట్‌కు కిట్‌కు మారుతుంది. అంకె ఉంటే విషం ఎక్కిందన్న అనుమానానికి బలం చేకూరుతుంది. చిన్న అంకె వచ్చిందని ధైర్యపడడానికి మాత్రం ఆధారం లేదు. ఈ తేడాను రోగి పక్కన నిలబడి ఉన్న డ్యూటీ డాక్టరుకు ల్యాబ్ స్పష్టంగా రాసి ఇవ్వాలని ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం. ఆ రాత్రి ఆ రోగికి ఇతర ఆధారం ఉండకపోవచ్చు.

మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు విషయంలో యాంటీబాడీ లోపం మరింత నాటకీయంగా కనిపిస్తుంది. ఈ మందును సుబ్బారావు కనిపెట్టారని తెలుగు పత్రికల్లో తరచు రాస్తుంటారు. జాగ్రత్తగా చెప్పాలంటే, దానికి ముందు మెట్టయిన అమినోప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్ ఆయన పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలల్లో, పలువురు రసాయనవేత్తల చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. ఆయన 1948 ఆగస్టులో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌తో లుకేమియా పిల్లల్లో తాత్కాలిక ఉపశమనం వచ్చిందని సిడ్నీ ఫార్బర్ ప్రకటించింది అదే సంవత్సరం. బృందానిదనడం వల్ల ఆయన గొప్పతనం ఇసుమంత కూడా తగ్గదు.

నేడు అధిక మోతాదులో మెథోట్రెక్సేట్ ఎక్కించినప్పుడు 24, 48, 72 గంటల వద్ద రక్తస్థాయి చూసి, ల్యూకోవోరిన్ అనే రక్షక మందును ఎంత, ఎన్నాళ్లు ఇవ్వాలో నిర్ణయిస్తారు. సాధారణంగా వాడే హద్దులు వరుసగా లీటరుకు 10, 1, 0.1 మైక్రోమోల్. మూత్రపిండాలు మొరాయించి మందు బయటకు పోకపోతే గ్లూకార్పిడేజ్ అనే ఎంజైమును ఇస్తారు. అది రక్తంలోని మెథోట్రెక్సేట్‌ను నిమిషాల్లో ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్లో ఒకదాన్ని ఇమ్యునో పరీక్ష మెథోట్రెక్సేట్‌గానే భావిస్తుంది. ఫలితంగా, మందు రక్తంలో దాదాపు లేకుండా పోయినా కిట్ మాత్రం ఇంకా ప్రమాదకర స్థాయి ఉందంటుంది. అందుకే ఎంజైము ఇచ్చాక కనీసం 48 గంటల పాటు ఇమ్యునో పరీక్షను నమ్మకూడదని, పదార్థాలను విడదీసి కొలిచే క్రొమటోగ్రఫీని వాడాలని సూచన ఉంది. ఒకే గొట్టం, ఒకే క్షణం, రెండు పద్ధతులు, రెండు పూర్తి విరుద్ధ చిత్రాలు.

6. మాస్ స్పెక్ట్రోమీటరు, దాని మౌనం

ఈ చిక్కులన్నిటికీ లిక్విడ్ క్రొమటోగ్రఫీని రెండు మెట్ల మాస్ స్పెక్ట్రోమీటరుతో జతచేసిన యంత్రం పరిష్కారమని 1990ల నుంచి బలంగా నమ్మారు. నమ్మకానికి కారణం ఉంది. ఆ యంత్రం ఆకారాన్ని చూడదు. అణువు బరువును, అది పగిలినప్పుడు వచ్చే ముక్క బరువును చూస్తుంది. యాంటీబాడీ మోసపోయిన చాలా చోట్ల ఇది మోసపోదు.

ఇది మరో రకంగా తప్పగలదు. ప్లాస్మాలోని ఫాస్ఫోలిపిడ్ల వంటివి మందుతో పాటే యంత్రంలోకి చేరితే, మందు అణువులకు విద్యుదావేశం అందకుండా అడ్డుపడతాయి. తెరపై శిఖరం చిన్నదవుతుంది. అడ్డుపడిన పదార్థం తెరపై కనిపించనే కనిపించదు. పాత క్రొమటోగ్రఫీలో కలుషిత పదార్థం కనీసం మరో శిఖరంగా కంటపడేది. దీనికి విరుగుడుగా, మందులోని కొన్ని హైడ్రోజన్ల స్థానంలో డ్యూటీరియం ఉన్న జంట అణువును తెలిసిన మొత్తంలో కలిపి, రెండింటి నిష్పత్తిని చూస్తారు. అడ్డంకి రెండింటికీ సమానమే కాబట్టి నిష్పత్తి చెక్కుచెదరదన్నది ఊహ. కార్వెడిలాల్ విషయంలో 2007లో వచ్చిన పరిశోధన ఈ ఊహ అన్నివేళలా నిలవదని చూపింది. డ్యూటీరియం జంట క్రొమటోగ్రఫీ కాలమ్ నుంచి అసలు మందు కంటే రవ్వంత ముందో వెనకో బయటకు వస్తే, ఆ రవ్వంతలోనే అడ్డంకి తీవ్రత మారవచ్చు.

నియమావళుల చరిత్ర ఈ అనుభవాల వెంబడి నడిచినట్టు కనిపిస్తుంది. కొలత పద్ధతులపై 1990 డిసెంబరులో వాషింగ్టన్ దగ్గర జరిగిన సమావేశం, 2001లో అమెరికా ఔషధ సంస్థ మార్గదర్శకం, 2022లో అంతర్జాతీయ స్థాయిలో ఒప్పుకున్న ఎం10 పత్రం దీనిలో ముఖ్యమైన మెట్లు. తెలిసిన మొత్తం కలిపి తయారుచేసిన నాణ్యతా నియంత్రణ నమూనాలు (క్యూసీలు) అసలు విలువకు 15 శాతం లోపు, కొలవగల కనిష్ఠ స్థాయి వద్ద 20 శాతం లోపు రావాలన్న కొలబద్ద ఇక్కడి నుంచే స్థిరపడింది. భారతదేశంలో కొన్ని తరగతుల జెనరిక్ మందులకు 2017లో బయోఈక్వివలెన్స్ తప్పనిసరి అయ్యాక ఈ అంకెల బరువు మరింత పెరిగింది. హైదరాబాద్‌లోని బయోఅనలిటికల్ ల్యాబ్‌లలో పనిచేసే తెలుగు యువత రోజూ క్యూసీ పాసా ఫెయిలా అని చూసుకునేది ఈ 15 శాతాన్నే. మైనస్ 70 డిగ్రీల ఫ్రీజరు నుంచి తీసిన గొట్టాలు, వెలుతురుకు చెడిపోయే నిఫెడిపిన్ లాంటి మందులైతే పసుపు దీపాల కింద పని, ప్రతి గొట్టం ఎన్ని నిమిషాలు బయట ఉందో లాగ్‌బుక్‌లో నమోదు — వీటిలో ప్రతిదానికీ ఒక పూర్వకథ ఉండి ఉంటుందనుకోవడం తప్పు కాదు.

అయినా ఒక లోటు చాలాకాలం మిగిలింది. క్యూసీ నమూనాల్లో శుద్ధమైన మందు మాత్రమే ఉంటుంది. మనిషి మింగాక తీసిన ప్లాస్మాలో మెటబొలైట్లు కూడా ఉంటాయి. క్యూసీలన్నీ పాసై, అసలు నమూనాలు తప్పుగా రావడం పూర్తిగా సాధ్యమే. అందుకే మనుషుల నుంచి వచ్చిన నమూనాల్లో కొన్నిటిని మరో రోజు తిరిగి కొలవాలన్న నియమం వచ్చింది. దీని మొదలును సాధారణంగా 2006 నాటి సమావేశానికి, దాన్ని వివరించిన 2008 చర్చలకు ఆపాదిస్తారు. కెనడా ఇలాంటి షరతునే 1992లో పెట్టి, 2003లో ఎత్తేసిందన్న సంగతిని కలుపుకుంటే, ఈ ఆలోచన 2006లో పుట్టిందనడం కంటే అప్పుడు తిరిగి వచ్చిందనడమే ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. ఎం10 ప్రకారం మొదటి వెయ్యి నమూనాల్లో పది శాతాన్ని, ఆ పైన ఐదు శాతాన్ని తిరిగి కొలవాలి. రెండు అంకెల తేడా వాటి సగటులో 20 శాతం లోపు ఉండాలి. మూడింట రెండు వంతులు నిలిస్తే చాలు.

క్లోపిడోగ్రెల్ ఈ నియమం అవసరాన్ని బాగా చూపుతుంది. గుండెపోటు రోగులు వాడే ఈ మందులో ఎక్కువ భాగాన్ని శరీరం ఒక ఆమ్లంగా మార్చి, దానికి గ్లూకురోనైడ్ తగిలిస్తుంది. రక్తంలో మూల మందు అతి స్వల్పం, ఈ మెటబొలైట్లు దానికంటే ఎన్నో రెట్లు. నమూనాను శుద్ధి చేసేటప్పుడు మిథనాల్ వాడితే, ఆ గ్లూకురోనైడ్‌లో కొంత మిథనాల్‌తో చర్య జరిపి మళ్లీ క్లోపిడోగ్రెల్‌గా మారుతుంది. కొలిచేది గోరంత, పక్కన ఉన్నది కొండంత. ఆ కొండలో పిసరంత కరిగినా అంకె తారుమారు. క్యూసీలో గ్లూకురోనైడ్ ఉండదు గనుక క్యూసీ మచ్చలేకుండా వస్తుంది. తిరిగి కొలిచిన నమూనాలో, బెంచీపై ఎక్కువసేపు ఉన్న గొట్టంలో, మందు పెరిగినట్టు కనిపిస్తుంది. విరుగుడు సాదాసీదాగా ఉంది: మిథనాల్ సీసాను పక్కన పెట్టి అసిటోనైట్రైల్ వాడడం, నమూనాను చల్లగా ఉంచడం.